పక్కకి తప్పిన ముల్లు

అనగనగా ఒక అడవిలో, ఏరు రెండు మడుగులుగా ఆగి పారే చోట, సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. సూదమ్మకి లెక్కపెట్టడం వచ్చు. ఆ అడవిలో ఇంకెవరికీ రాదు. అదే దాని కష్టం.

లెక్కలు వస్తే కష్టమేమిటి అని అడగబోతున్నారు కదూ? అడక్కండి, చెప్తున్నాగా. ముళ్లపందికి లెక్కలెలా వచ్చాయని కూడా అడక్కండి. వచ్చాయి, అంతే.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఏదైనా చెడు జరిగితే జంతువులన్నీ నల్లబండ దగ్గర చేరతాయి. అడవికి పెద్ద ఒక ముసలి అడవిదున్న. ఆయన బండ మీదికెక్కి, "ఇది జరిగినప్పుడు కొత్తగా ఎవరు కనబడ్డారు?" అని అడుగుతాడు. ఎవరు కనబడ్డారని తేలితే వాళ్లే చేశారని తీర్పు. తీర్పు అయిపోయాక అందరూ హాయిగా మేతకి పోతారు. ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. వేస్తే మేతకి ఆలస్యమవుతుంది మరి.

ఒక ఏడాది వానలు మరీ ఎక్కువై ఏరు పొంగింది. కప్పలు అరిచినప్పుడల్లా వాన వస్తోంది కాబట్టి కప్పలే తెస్తున్నాయన్నారు. కప్పల నోళ్లు మూయించారు. పాపం అవి బుగ్గలు ఉబ్బించుకుని తొమ్మిది రోజులు కూర్చున్నాయి. పదో రోజు వాన ఆగింది.

"చూశారా, నోళ్లు మూయిస్తే ఎలా ఆగిందో" అన్నాడు దున్న పెద్ద.

"తొమ్మిది రోజులు ఆగలేదు కదా పెద్దయ్యా" అంది సూదమ్మ.

"పదో రోజు ఆగిందిగా" అన్నాడాయన.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. ఎండ ముదిరేకొద్దీ కీచురాళ్ల రొద పెరిగింది. వీటి రొద వల్లే ఎండ మండుతోందని చెట్లన్నీ ఊపి కీచురాళ్లని దులిపేశారు. ఎండ ఇంకా మండింది. పోనీ అప్పుడైనా తప్పు ఒప్పుకున్నారా? లేదు. "ఎక్కడో ఒక కీచురాయి మిగిలి ఉంటుంది" అన్నారు. సూదమ్మ ఆ రోజు తల బండకేసి కొట్టుకుంది. తలకి ముళ్లు లేవు కాబట్టి దెబ్బ బాగానే తగిలింది.

ఈ రెండూ నవ్వుకునే సంగతులు. మూడోది అలాంటిది కాదు. అందుకే ఈ కథ చెబుతున్నాను.

ఆ మరుసటి వానాకాలం అడవికి కొంగలు వచ్చాయి. మామూలు కొంగలు కావు. ముక్కు మూసుకున్నా మధ్యలో చిన్న సందు మిగిలిపోయే కొంగలు. అవి రెండు మడుగుల చుట్టూ ఉన్న చెట్ల మీద గూళ్లు కట్టుకున్నాయి. ఎగువ మడుగు దగ్గర కొన్ని, దిగువ మడుగు దగ్గర కొన్ని. దిగువ మడుగు కొంగల్లో పెద్దదాన్ని అందరూ కొంగక్క అనేవారు. గుడ్లు పెట్టి, పొదిగి, వానాకాలం ముదిరేసరికి దాని పిల్లలు అందరికంటే ముందే బయటికొచ్చాయి. మూడు పిల్లలు. ఒంటి మీద నూగు తప్ప రెక్కల్లేవు. నోళ్లు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉండేవి.

అదే వానాకాలంలో దుప్పులకి జబ్బు వచ్చింది. జబ్బు చేసిన దుప్పి మేత మానేసేది. దవడ కింద నీళ్ల సంచిలా వాపు దిగేది. నాలుగు అడుగులు వేస్తే రొప్పేది. చుక్కమ్మ అనే దుప్పికి ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండబట్టి వాడిని బొట్టు అని పిలిచేది. వాడికీ దవడ కింద వాపు మొదలైంది.

చుక్కమ్మ ఏడుస్తూ నల్లబండ దగ్గరికి పరుగెత్తింది. జంతువులన్నీ చేరాయి. దున్న పెద్ద మామూలు ప్రశ్న అడిగాడు. తొందరయ్య అనే కుందేలు, పేరుకి తగ్గట్టు, ప్రశ్న పూర్తి కాకుండానే చెవులు నిక్కబొడుచుకుని లేచాడు.

"కొంగలు పెద్దయ్యా. ఈ ఏడాది కొత్తగా వచ్చింది కొంగలే."

సూదమ్మకి ఒళ్లు మండింది. ముళ్లన్నీ ఒక్కసారి గలగలలాడాయి.

"కప్పలైపోయాయి, కీచురాళ్లైపోయాయి, ఇప్పుడు కొంగలా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోటికొచ్చింది అనకుండా లెక్కపెట్టి చూద్దాం. నాకు ఎనిమిది వారాలు ఇవ్వండి."

లెక్కపెట్టేది తాము కాదు కాబట్టి అందరూ సరేనన్నారు.

ఇప్పుడు సూదమ్మ ఎలా లెక్కపెట్టిందో జాగ్రత్తగా వినండి. మీ తొమ్మిదో తరగతి పుస్తకంలో ఇదే ఉంటే ఆవలించారు. ఇక్కడైనా ఆవలించకండి.

ఏటి ఒడ్డున చదునైన ఇసుక మేట ఉంది. సూదమ్మ దాని ఎడమ మూల నిలబడేది. ఆ వారం ఎన్ని కొంగలు ఉంటే అన్ని అడుగులు కుడివైపుకి నడిచేది. కొత్తగా ఎన్ని దుప్పులు జబ్బుపడితే అన్ని అడుగులు అక్కడి నుంచి గట్టు వైపుకి నడిచేది. ఆగిన చోట, తన ఒంటి నుంచి రాలిన ముల్లు ఒకటి ఇసుకలో గుచ్చేది. వారానికి ఒక ముల్లు.

మొదటి వారం నాలుగు కొంగలు, ఒక రోగి. ముల్లు మూల దగ్గరే పడింది. రెండో వారం పది కొంగలు, ఇద్దరు. ముల్లు కాస్త కుడికి, కాస్త పైకి జరిగింది. అలా వారం వారం కొంగలు పెరిగాయి, రోగులూ పెరిగారు. ఎనిమిదో వారానికి నలభై కొంగలు, పదముగ్గురు రోగులు. ఇసుక మీద ముళ్లు గట్టెక్కే కాలిబాటలాగా కింద నుంచి పైకి వరుస కట్టాయి.

ఒక్క ముల్లు మాత్రం వరుసలో లేదు. ఆరో వారం ముల్లు. ఆ వారం ముప్పై కొంగలున్నా కొత్తగా జబ్బుపడింది ముగ్గురే. ముల్లు వరుసకి బాగా కిందికి తప్పిపోయింది.

'అడుగులు సరిగ్గా వెయ్యలేదేమో' అనుకుంది సూదమ్మ. దాన్ని పీకేద్దామని కూడా అనుకుంది. అందమైన వరుస పాడైపోతోంది కదా అని. కానీ పీకలేదు. తెలివి వల్ల కాదు, బద్ధకం వల్ల. ఆ బద్ధకమే తర్వాత పనికొచ్చింది.

ఎనిమిది వారాలు అయ్యాయి. అందరూ ఇసుక మేట దగ్గర చేరారు. సూదమ్మకి గర్వం పొంగిపోతోంది. ఈ అడవిలో మొట్టమొదటిసారి ఎవరైనా ఏదైనా కొలిచి చూపించారు మరి. అది తలెత్తి చెప్పింది.

"చూడండి. కొంగలు ఎక్కువైన కొద్దీ జబ్బూ ఎక్కువైంది. రెండూ కలిసి పెరుగుతున్నాయి. లెక్క ఇంత చక్కగా కుదరడం నేనెప్పుడూ చూడలేదు."

అక్కడితో ఆగింది. అదీ దాని తప్పు. అక్కడితో ఆగకుండా ఉండాల్సింది.

"అయిపోయింది" అన్నాడు తొందరయ్య. "సూదత్త లెక్కే తేల్చేసింది. కొంగలే జబ్బు తెస్తున్నాయి."

"నేనెక్కడ తేల్చాను?" అంది సూదమ్మ. "రెండూ కలిసి పెరిగాయన్నాను. ఒకటి రెండోదాన్ని తెచ్చిందని అనలేదు."

"ఏమిటా తేడా?" అన్నాడు దున్న పెద్ద.

సూదమ్మ ఊపిరి గట్టిగా తీసుకుంది. పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"పెద్దయ్యా, మీరు దూడగా ఉన్నప్పుడు మీ కొమ్ములు చిన్నవి. కొండ మీది వెదురు కూడా పొట్టిదే. ఏటా మీ కొమ్ములు పెరిగాయి, వెదురూ పెరిగింది. నేను ముళ్లు గుచ్చి ఉంటే అవీ ఇలాగే వరుసగా పైకెక్కేవి. అంతమాత్రాన మీ కొమ్ముల వల్ల వెదురు పెరిగిందంటామా?"

దున్న పెద్ద తల పైకెత్తి తన కొమ్ముల వైపు చూసుకోబోయాడు. తర్వాత కొండ మీది వెదురు వైపు చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నిజమా సూదమ్మా? ఆ వెదురంతా నా వల్లేనా?"

సూదమ్మ కళ్లు మూసుకుంది. అంతకంటే ఏం చేస్తుంది చెప్పండి.

ఆ అడవిలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరి బిడ్డకి నష్టం జరిగిందో చివరి మాట వాళ్లదే. దున్న పెద్ద చుక్కమ్మని పిలిచాడు. "నీ కొడుకే జబ్బుపడ్డాడు. కొంగల్ని ఉంచమంటావా, పొమ్మంటావా?"

కొంగక్క చెట్టు మీంచి దిగి వచ్చింది. పొడుగు కాళ్లు మడిచి చుక్కమ్మ ముందు కూర్చుంది.

"చుక్కక్కా, నా పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. ఎగువ మడుగు వాళ్ల గుడ్లు ఇంకా పగలనే లేదు. ఇప్పుడు పొమ్మంటే మేం ఎగిరిపోగలం, వాళ్లు ఎగరలేరు. రెండు నెలలు ఓపిక పట్టు. మేమే పోతాం."

చుక్కమ్మ బొట్టు దవడ కింద వాపు చూసింది. ఇసుక మీద పైకెక్కుతున్న ముళ్లు చూసింది.

"రెండు నెలలు నా కొడుకుకి ఉన్నాయో లేదో నాకు తెలీదు కొంగక్కా" అంది. "మీరు వెళ్లిపోండి."

చుక్కమ్మని తిట్టకండి. బిడ్డ దవడ కింద వాపు చూస్తూ కూర్చున్న తల్లి అది. కానీ మాట మాత్రం తప్పే.

వెంటనే కోతులు, అడవిపందులు ఎగువ మడుగు చుట్టూ చేరి కొమ్మలు ఊపి, గోల చేసి, కొంగల్ని తరిమేశాయి. ఇరవై దాకా కొంగలు లేచి, మడుగు మీద మూడుసార్లు తిరిగి తిరిగి, చివరికి తూర్పుకి వెళ్లిపోయాయి. గూళ్లలో గుడ్లు అలాగే ఉన్నాయి. సాయంత్రానికి కాకులు వచ్చాయి.

కోతుల గుంపు దిగువ మడుగు దగ్గరికి వచ్చేసరికి కొంగక్క చెట్టు మొదట్లో సూదమ్మ నిలబడి ఉంది. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి తిరిగి, వీపు వాళ్లకి చూపిస్తూ.

"ఎవరొస్తారో రండి" అంది.

ఎవరూ రాలేదు. ముళ్లపంది వీపు మీదికి ఎవరొస్తారు?

దున్న పెద్ద రొప్పుతూ వచ్చాడు. "ఏమిటీ గొడవ సూదమ్మా? నీ లెక్కే కదా చెప్పింది?"

"నా లెక్క సగమే చెప్పింది. నోరు జారి ఆ సగమే నేను గొప్పగా చెప్పుకున్నాను. మిగతా సగం ఇప్పుడు వెతుకుతాను. పెద్దయ్యా, ఎగువ మడుగు దగ్గర ఇప్పుడు కొంగల్లేవు. దిగువ మడుగు దగ్గర ఉన్నాయి. రెండు చోట్లా అదే వాన, అదే గడ్డి. మూడు వారాలు ఆగండి. మీరన్నదే నిజమైతే ఎగువన జబ్బు తగ్గాలి, దిగువన పెరగాలి. అలా జరిగితే నేనే కొంగక్కని పంపించి, నేనూ వెంట పోతాను."

దున్న పెద్దకి మేత వేళ అయింది. "సరే, మూడు వారాలే" అని వెళ్లిపోయాడు.

ఈ మాట చుక్కమ్మ చెవిన పడింది. కొంగలు లేని చోటే బిడ్డకి మంచిదనుకుని బొట్టుని వెంటబెట్టుకుని ఎగువ మడుగుకి మకాం మార్చింది. సూదమ్మ దారికి అడ్డం వెళ్లింది.

"చుక్కమ్మా, ఇంకా ఏమీ తేలలేదు. వాడిని రెండు మడుగులకీ దూరంగా ఉంచు."

"నీ ముళ్లు చూశాకే వెళ్తున్నాను సూదక్కా" అంది చుక్కమ్మ. "ఒకసారి ఇటు, ఒకసారి అటు చెబితే నేనేం వినాలి?"

సూదమ్మ కోపమంతా తన మీదికే తిరిగింది.

ఆ పూట అది ఇసుక మేట దగ్గరికి పోయి ముళ్ల ముందు కూర్చుంది. వరుస తప్పిన ఆరో ముల్లు వైపు చాలాసేపు చూసింది. ఆ వారం కొంగలు చాలానే ఉన్నాయి. రోగులు మాత్రం తక్కువ. కొంగలే జబ్బు తెస్తే ఆ వారం మాత్రం ఎందుకు మానేశాయి? ఆ వారం ఏం జరిగింది?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం వాన పడలేదు. మడుగుల అంచులు ఆరిపోయి బురద నెర్రెలిచ్చింది.

సూదమ్మ పరుగెత్తింది. ముళ్లపంది పరుగు చూశారా ఎప్పుడైనా? చూడకపోతే ఊహించుకోండి, గలగలమంటూ. కొంగక్క చెట్టు కిందికి పోయి అరిచింది.

"కొంగక్కా, అసలు మీరు ఇక్కడికి ఎందుకొచ్చారు?"

కొంగక్క గూట్లోంచి తొంగి చూసింది. "వచ్చి ఇన్నాళ్లైంది, ఈ ప్రశ్న అడిగింది నువ్వే మొదలు. నత్తల కోసం."

"నత్తలా?"

"మా ముక్కు సందు చూశావుగా, నత్తగుల్లని ఒడిసి పట్టుకోవడానికే. వానకి నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే అంచు గడ్డి మీద నత్తలు పుడతాయి. నత్తలు ఎక్కువైన కొద్దీ మా చుట్టాలు ఒక్కొక్కళ్లే వస్తారు."

"వాన పడకపోతే?"

"నత్తలు బురదలోకి దిగి మూసుకుంటాయి. ఆ మధ్య ఒక వారం మేం పస్తులే ఉన్నాం."

సూదమ్మ మడుగు అంచుకి పోయింది. గడ్డి నిండా నత్తలు. అదే గడ్డి దుప్పులు మేసేది. జబ్బుపడ్డ దుప్పులన్నీ ఎక్కడ మేశాయో ఒక్కొక్కటే అడిగింది. అన్నీ నీళ్ల అంచునే మేశాయి. రాతి గుట్ట మీద మేసినవాటిలో ఒక్కదానికీ వాపు లేదు.

అర్థమైందా? నత్తల్లోంచి కంటికి కనబడని పురుగు గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి తిన్నవాటికి జబ్బు. మన గొర్రెల కాపర్లని అడిగితే వాళ్లూ చెబుతారు, చిత్తడిలో మేపొద్దని. నత్తలు పెరిగాయి కాబట్టి జబ్బు పెరిగింది. నత్తలు పెరిగాయి కాబట్టే కొంగలూ పెరిగాయి. ఇల్లు అంటుకున్న చోట నీళ్ల బిందెలు ఎక్కువ కనబడతాయి. బిందెలే ఇల్లు అంటించాయని మీరంటారా? అన్నా అంటారు, మొన్న పచ్చ చొక్కా వేసుకుంటే క్రికెట్ గెలిచామన్నవాళ్లు.

సూదమ్మ ఈ సంగతి తొందరయ్యకి చెప్పింది. "నత్తలా? నత్తలు ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తగా వచ్చింది కొంగలు" అన్నాడు. దున్న పెద్దకి చెప్పింది. "మూడు వారాలన్నావుగా, మూడు వారాలయ్యాక చెప్పు" అన్నాడు. ఎగువ మడుగుకి పోయి చుక్కమ్మకి చెప్పింది. చుక్కమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఒక్కరైనా వినలేదు. ఇంకేం చేస్తుంది? మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఈసారి రెండు వరుసలు. ఎగువ మడుగుకి ఒకటి, దిగువ మడుగుకి ఒకటి.

మొదటి వారం రెండు చోట్లా ఆరుగురేసి రోగులు. "ఏం తేడా లేదే" అన్నాడు తొందరయ్య.

రెండో వారం దిగువన అయిదుగురు, ఎగువన పదిమంది. "ఎక్కడో ఒక కొంగ మిగిలి ఉంటుంది" అన్నాడు తొందరయ్య.

మూడో వారం దిగువన ముగ్గురు. ఎగువన పదహారు మంది. తినే కొంగలు లేక ఎగువ మడుగు అంచున నత్తలు గడ్డికంటే ఎక్కువయ్యాయి. కాలు పెడితే గుల్లలు పటపటమన్నాయి. ఈసారి తొందరయ్య ఏమీ అనలేదు. దున్న పెద్ద ఎగువ వరుసనీ దిగువ వరుసనీ మార్చి మార్చి చూశాడు. లెక్కలు రాకపోయినా ఆ ఎత్తుల తేడా ఎవరికైనా కనబడుతుంది.

ముందే జబ్బుపడ్డ బొట్టుకి ఎగువ గడ్డితో జబ్బు ఇంకా ముదిరింది. సూదమ్మ వెళ్లేసరికి వాడు పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. లేవలేకపోతున్నాడు. చుక్కమ్మ ముట్టెతో వాడిని లేపుతోంది. వాడు లేస్తున్నాడు, మోకాళ్ల మీద పడుతున్నాడు.

సూదమ్మ దారంతా ఎన్ని మాటలు అనాలనుకుందో. చెప్పానా లేదా, విన్నావా లేదా, ముఖం తిప్పుకున్నావా లేదా. వాడి మోకాళ్లు చూశాక ఒక్కటీ అనలేకపోయింది.

"ఇక్కడి గడ్డి ఒక్క పరక కూడా వద్దు" అంది. "రాతి గుట్ట మీదికి తీసుకుపోదాం."

వాడు నడవలేడు. దున్న పెద్దని పిలిచారు. ఆయన మారు మాట లేకుండా వచ్చాడు. వాడిని కొమ్ముల మధ్య ఎత్తుకుని గుట్ట ఎక్కించాడు. నెలా పదిహేను రోజులు వాడు ఎండు గడ్డి, రాలిన పూలు, కాయలు తిన్నాడు. వాపు మెల్లగా దిగింది. మంచు పడే రోజులకి లేచి నిలబడ్డాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ మిగతా పిల్లలంత వేగంగా పరుగెత్తలేకపోయాడు.

ఎగువ మడుగు దగ్గర ఇంకో ఇద్దరు దుప్పి పిల్లలు లేవనే లేదు.

చుక్కమ్మ కొంగక్క చెట్టు కిందికి వచ్చింది. కొంగక్క పిల్లలు అప్పటికి కొమ్మ చివర నిలబడి రెక్కలు ఆడిస్తున్నాయి.

"తప్పు నాదే కొంగక్కా. ఎగువ మడుగు వాళ్లని తిరిగి రమ్మని చెప్పవా?"

"వాళ్లని తరిమిన రోజు సాయంత్రం గూళ్లలో ఏం జరిగిందో వాళ్లు ఒకసారి తిరిగొచ్చి పైనుంచి చూశారు" అంది కొంగక్క. "వాళ్లు రారు చుక్కక్కా."

అంతే అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే చుక్కమ్మకి కాస్త తేలికగా ఉండేది.

నిజంగానే మరుసటి ఏడాది కొంగక్క, దాని పిల్లలు దిగువ మడుగుకి వచ్చారు. ఎగువ మడుగుకి ఒక్క కొంగా రాలేదు. అక్కడ మోకాలెత్తు పచ్చగడ్డి పెరిగింది. ఒక్క దుప్పి కూడా నోరు పెట్టలేకపోయింది.

ఆ వానాకాలం సూదమ్మ మళ్లీ ఇసుక మేట మీద ముళ్లు గుచ్చడం మొదలుపెట్టింది. దిగువన అక్కడక్కడా ఒకరిద్దరు దుప్పులకి వాపు వచ్చింది. జంతువులన్నీ నల్లబండ దగ్గర చేరాయి. దున్న పెద్ద నోరు తెరవకముందే తొందరయ్య లేచాడు.

"పెద్దయ్యా, నాకో సంగతి తట్టింది. పోయినేడాది సూదత్త ముళ్లు గుచ్చింది, జబ్బు వచ్చింది. ఎన్ని ముళ్లు గుచ్చితే అంత జబ్బు. ఈ ఏడాది మళ్లీ గుచ్చుతోంది, మళ్లీ జబ్బు. ఆ ముళ్లే..."

ఇంత చూశాక కూడా ఇదా? సూదమ్మకి ఆ అడవి వదిలి ఎటైనా పోవాలనిపించింది. నాకైతే ఆ కుందేలు చెవులు మెలిపెట్టాలనిపిస్తుంది, ఈ కథ చెప్పిన ప్రతిసారీ.

అప్పుడు వెనక నుంచి చుక్కమ్మ ముందుకొచ్చింది. పక్కన బొట్టు, కాస్త కుంటుతూ.

"కూర్చో తొందరయ్యా" అంది చుక్కమ్మ. "ముళ్లూ జబ్బూ కలిసి పెరిగాయి, నిజమే. వానాకాలం వస్తే జబ్బు వస్తుంది. వానాకాలం వస్తే సూదక్క లెక్కపెడుతుంది. రెండింటి వెనకా వాన ఉంది. నీకు కనబడిన రెండింటినీ చూసి నోరు తెరిచావు. మూడోది ఏముందని అడిగావా? నేనూ అడగలేదు. అందుకే వీడు ఇలా నడుస్తున్నాడు."

తొందరయ్య కూర్చున్నాడు. ఆ రోజు మేతకి ఆలస్యమైనా ఎవరూ లేచి పోలేదు.

కాసేపటికి దున్న పెద్ద గొంతు సవరించుకున్నాడు. పాత ప్రశ్న అడగబోయి ఆగాడు. "ఇది జరిగినప్పుడు," అన్నాడు నెమ్మదిగా, "ఇంకా ఏమేం జరిగాయి?"

సూదమ్మ తన ఒంటి మీంచి రాలిన ముల్లు ఒకటి తీసి చుక్కమ్మకి ఇచ్చింది. ఆ వారం ఇసుకలో గుచ్చింది చుక్కమ్మే.

నీతి: రెండు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఎవరి మీదైనా తప్పు మోపే ముందు, ఆ రెండింటినీ పెంచిన మూడోది ఉందేమో వెతికి చూడాలి.